బుల్లోడి మైల

సూర్యప్రకాష్ గారి కంపెనీకి ఇంగ్లీషులో మూరెడు పొడుగు పేరుంది. అది గేటు మీద బోర్డుకీ, హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్ళకీ. ముక్తేశ్వరం చుట్టుపక్కల మాత్రం దాన్ని అందరూ కణాల మిల్లనే అన్నారు. అంతకు ముందు అది నిజంగా బియ్యం మిల్లే. తండ్రి హయాంలో ధాన్యం ఆడిన షెడ్డుకి తెల్లరంగు వేయించి, అద్దాల గోడలు కట్టించి, ఏసీలు బిగించి, అందులో మనుషుల కణాలు పెంచడం మొదలుపెట్టాడాయన. పురిటి ఆసుపత్రుల నుంచి పసిపిల్లల బొడ్డుతాళ్ళు తెప్పిస్తాడు. వాటిలోంచి మూలకణాలు తీసి సీసాల్లో వేస్తాడు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, సీసాలు చాలక ఇంకో వరస సీసాలు వస్తాయి. కీలు అరిగినవాడికి కీలు, చర్మం కాలినవాడికి చర్మం, గుండె చెడినవాడికి గుండె, అన్నీ అవే మొలిపిస్తాయట. మొలవడం ఇంకా ఎవరూ చూడలేదు. సీసాలు పెరగడం మాత్రం అందరూ చూశారు.

ఆ మిల్లులో చట్టమంతా రెండు మాటల్లో ఉంది. మడి, మైల. సీసాలుండే వెచ్చటి గది మడిగది. అందులోకి వెళ్ళాలంటే స్నానం చెయ్యాలి, ఉతికిన బట్టలు కట్టాలి, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకోవాలి. కంటికి కనబడని పురుగు ఒక్కటి సీసాలో పడినా మైల పడిందంటారు. ఆ సీసా ఇంక పారబోసుకోవడమే. ఈ మాటలు పెట్టింది సూర్యప్రకాషే. ఇంగ్లీషులో చెబితే కుర్రాళ్ళు బుర్ర ఊపి మరిచిపోతున్నారు, మడీ మైలా అంటే మాత్రం వాళ్ళ నాయనమ్మలు గుర్తొచ్చి హడలి చస్తున్నారు. తన తెలివికి తనే మురిసిపోయి, వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి నవ్వేవాడు. చివరికి ఆ మాటే ఆయన మెడకి చుట్టుకుంది.

భూలక్ష్మి ఆ మిల్లులో సీసాలు కడిగేది. మడిగదికి బయట, అద్దానికి ఇవతల ఆమె పని. ఆ పని ఆమెకి ఎలా దొరికిందో చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది గానీ, అది చెప్పకపోతే ఈ కథే లేదు.

కిందటేడు, అంటే రెండువేల ఐదులో, వినాయక చవితినాడు అమలాపురంలో ఒక నర్సింగ్ హోములో ఆమెకి మగపిల్లాడు పుట్టాడు. మొగుడు లోవరాజు మస్కట్‌లో తాపీపని చేస్తున్నాడు. పక్కనున్నది అత్తగారు వీరాయమ్మ ఒక్కతే. కంపెనీ మనిషొకడు టై కట్టుకుని వచ్చి, బొడ్డుతాడు మాకిస్తే మీ మనవడికి జన్మంతా ఏ రోగం వచ్చినా మాదే పూచీ అన్నాడు. వీరాయమ్మ వేలిముద్ర వేసేసింది. కన్నతల్లి పక్కగదిలో మత్తులో ఉంది. లేచేదాకా ఆగి ఒక మాట అడుగుదామని ఎవరికీ తోచలేదు. బిడ్డతో పాటు వచ్చిన మాయనీ, బొడ్డుతాడునీ పెరట్లో గొయ్యి తీసి పాతడం వాళ్ళింట ఆనవాయితీ. ఆ ఏడు రెండూ కంపెనీకే పోయాయి, గొయ్యి తీసే పని పడలేదు.

ఎనిమిదో రోజున పిల్లాడు పోయాడు. జ్వరం వచ్చింది, ఫిట్స్ వచ్చాయి, కంపెనీ పూచీ సంగతి గుర్తొచ్చేలోపు అంతా అయిపోయింది. కాలవగట్టున పాతిపెట్టి వచ్చారు. పేరు పెట్టలేదు, ఉయ్యాల్లో వేయలేదు. భూలక్ష్మి జుట్టు విరబోసుకుని గోడకి చేరగిలబడితే వీరాయమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"లేచి జడేసుకో. పురుట్లో పోయినోడికి వేరే మైలుండదు. పురుటి స్నానంతో రెండూ పోతాయి."

"నా కొడుకు పోయేడు అత్తయ్యా."

"ఆయ్, పోయేడు. నాకు ముగ్గురు పోయేరు అలాగ. నేను ఏడుత్తా కూచుంటే నీ మొగుడెక్కణ్ణించి వచ్చేవోడు?"

అన్నట్టే చేసింది. పురుటి స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ మర్నాడే కోడల్ని పక్కింటి పెళ్ళికి పంపించింది. ఆ వీధిలో ముసలివాళ్ళు పోతే పది రోజులు అరుగుల మీద జనం ఉంటారు. వంట మారుతుంది, మాట తగ్గుతుంది, దేవుడి దగ్గర దీపం ఆగిపోతుంది. ఆ పిల్లాడి కోసం ఎవరూ ఒక్కపూట దీపం మానలేదు. అసలు వాడు పుట్టనే లేదన్నట్టు ఊరు ఊరంతా భోజనాలకి వెళ్ళిపోయింది. భూలక్ష్మికి ఆ కడుపుమంట చల్లారలేదు.

తరవాత వీరాయమ్మ కణాల మిల్లు గేటు ముందు చేరి, మీ పూచీ ఏమైందని నోరు చేసుకుంది. ఆ నోరు మూయించడానికి మేనేజరు కోడలికి సీసాలు కడిగే పని ఇచ్చాడు. మనవడి బొడ్డు పెట్టించిన ఉద్యోగమని వీరాయమ్మ సంతలో కూడా చెప్పుకుంది. చెప్పుకోవడానికి సిగ్గుండాలి, ఆమెకి లేదు.

మిల్లులో చేరిన రోజు నుంచీ భూలక్ష్మి చెవిని ఒక మాట పడుతూనే ఉంది. బుల్లోడికి నీళ్ళు మార్చేరా, బుల్లోడు ఈ వారం ఇంకో వరస నిండేడు, బుల్లోడి దగ్గర తుమ్మకండి. ఏదో మిషను ముద్దుపేరు అనుకుంది. రెండో ఏడు చవితి వెళ్ళిన వారం, మధ్యాహ్నం అన్నాలప్పుడు, గాయత్రిని అడిగింది. గాయత్రి మడిగదికి పెద్ద. విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి, రోజూ కొత్తపేట నుంచి బస్సులో వస్తుంది. మంచిదే, కాకపోతే నోట్లో మాట ఆగదు.

"బుల్లోడంటే ఎవరండి గాయత్రిగారూ?"

"నీకు తెలీదా? మన మిల్లు నడిచేది వాడి మీదే. ఎన్ని బొడ్డుతాళ్ళు తెచ్చినా కొన్నాళ్ళు పెరిగి అలిసిపోయి ఆగిపోతున్నాయి. ఇదొక్కటే ఆగడం లేదు. ఇప్పుడు లోపల దొర్లే సీసాలన్నీ వాడే. పరిచేమంటే ఈ షెడ్డు నేలంతా కప్పేస్తాడు."

"ఎక్కడోడండి?"

"మీ ఊరోడే. కిందటేడు చవితినాడు అమలాపురం నుంచి..."

గాయత్రి చేతిలో పెరుగన్నం ముద్ద అక్కడే ఆగిపోయింది. భూలక్ష్మి లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. రోజూ చూసే గదే. పక్కకి పడుకోబెట్టిన సీసాలు వరసలు వరసలుగా, లోపల గులాబీరంగు నీళ్ళతో, మెల్లగా దొర్లుతున్నాయి. పసివాణ్ణి తట్టి నిద్రపుచ్చేటప్పుడు చెయ్యి ఎంత నెమ్మదిగా ఆడుతుందో అంత నెమ్మదిగా. ముందు ఆమెకి సంతోషం వచ్చింది. ఉన్నాడు, ఎక్కడో ఒక చోట ఉన్నాడు అనిపించింది. ఆ సంతోషం తగ్గాక వెనకాలే కోపం వచ్చింది, అది తగ్గలేదు. ఏడాది నుంచీ తను కడిగిన సీసాల్లో తన కొడుకునే పోసుకున్నారు. ఒక్కళ్ళు చెప్పలేదు.

ఆ సాయంత్రమే సూర్యప్రకాష్ గది ముందు నిలబడింది. ఆయన కొబ్బరినీళ్ళు తాగుతూ లోపలికి రమ్మన్నాడు.

"ఆ సీసాల్లో ఉన్నది మా పిల్లాడంటండి."

"పిల్లాడు కాదమ్మా. పిల్లాడి బొడ్డుతాడులో కణాలు."

"బతికున్నాయాండి?"

ఆయన నవ్వాడు. పామరులకి విషయం విప్పి చెప్పడంలో తనకున్న నేర్పు మీద ఆయనకి మహా నమ్మకం. "పాలల్లో తోడు వేస్తావు. పెరుగు తోడుకుంటుంది. అందులోది ఇంకో గిన్నెలో వేస్తావు, అదీ తోడుకుంటుంది. పెరుక్కి ప్రాణం ఉందంటామా? ఇదీ అంతే. ప్రాణం గీణం అని మనసు పాడుచేసుకోకు."

"ఆయ్. అయితే ఒక్క సీసా ఇప్పించండి. కాలవగట్టున వాడి పక్కన పెట్టేసుకుంటాను."

"అది కంపెనీ సొత్తు."

"తోడే కదండి. తోడు అడిగితే ఎవరూ లేదనరు కదండి."

సూర్యప్రకాష్ నవ్వు ఆగిపోయింది. కొబ్బరిబొండం బల్ల మీద పెట్టాడు. "మీ అత్తగారు ఇష్టపడే ఇచ్చేరు. నీకు ఉద్యోగం ఇచ్చేం. ఇంకా ఏం కావాలి? దసరా వెళ్ళగానే బొంబాయి వాళ్ళు వస్తున్నారు. బుల్లోణ్ణి తీసుకెళ్ళి పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచుతారు. దేశదేశాలకీ వెళ్తాడు నీ కొడుకు. సంతోషించాల్సింది పోయి గోతిలో పెడతానంటావేంటి?"

"మళ్ళీ మీరే నా కొడుకంటున్నారు."

"మాటవరసకన్నాను. రాజోలులో స్టవ్వు పేలి ఒళ్ళంతా కాలిన పిల్లొకత్తి ఉంది. దానికి చర్మం మొలిపిస్తామని మాటిచ్చేం. నీ ఏడుపు కోసం దాన్ని అలాగే వదిలెయ్యమంటావా? వెళ్ళు, పని చూసుకో."

రాజోలు పిల్ల మాట సూటిగా తగిలింది. నిజంగా ఆ పిల్ల ఉందో, ఉంటే ఈ నీళ్ళతో బాగుపడుతుందో భూలక్ష్మికి తెలియదు. ఆ మాట సరిగ్గా ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసే ఆయన విసిరాడని మాత్రం తెలిసింది. ఆ రోజు నుంచీ ఆయన కనబడితే ఆమె తల దించుకోవడం మానేసింది. దసరా వెళ్తే తన కొడుకు ట్యాంకుల్లోకి పోతాడు. ఇంక ఏ నేలలోనూ, ఎప్పటికీ, వాడికి జానెడు చోటు ఉండదు. ఆమె బుర్రలో అది తప్ప ఇంకొకటి లేదు.

ఇంటికి వెళ్తే గుమ్మంలోనే వీరాయమ్మ పట్టుకుంది. కబురు అప్పటికే చేరిపోయింది.

"మిల్లులో గొడవ చేసేవంట."

"మీరు వాణ్ణి అమ్మేసేరు."

"అమ్మలేదు. కుక్కలు పీక్కెళ్ళే తోలుముక్క ఇచ్చి వాడికి ఆయుష్షు అడిగేను. అది తక్కువైందా నీకు? నువ్వు మత్తులో పడుంటే అక్కడ నించున్నది నేను."

"పాతిపెట్టాల్సింది పెట్టలేదు. మైల పట్టలేదు. వాడు ఇంకా దొర్లుతూనే ఉన్నాడు, తెలుసాండి మీకు?"

"ఇంకోసారి మైల, మాయ అన్నావంటే లోవరాజుకి ఫోన్ చేత్తాను, నీ పెళ్ళానికి పిచ్చెక్కిందని. నిన్ను తీసుకెళ్ళి మీ పుట్టింట్లో దిగబెడతాను. ఆలోచించుకో."

దసరా దాకా అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఒకే కుండలో వండుకుని, చెరో మూల కూర్చుని తిన్నారు.

ఇక్కడ వరదల సంగతి ఒకటి చెప్పాలి. మామూలుగా అయితే బుల్లోడిలో కొంత తీసి గడ్డకట్టించి, పొగలు కక్కే చల్లటి డబ్బాల్లో దాచి ఉంచుతారు. ఒక చోట మైల పడితే ఇంకో చోట విత్తనం ఉంటుంది. ఆ ఏడు ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు, ఆ డబ్బాల్లో పోసే ద్రవం తెచ్చే లారీ రావులపాలెంలో నిలిచిపోయింది. దాచినవన్నీ పాడైపోయాయి. సీసాల్లో దొర్లుతున్నదే మిగిలింది. అన్నిటికీ మూలంగా రెండు తల్లిసీసాలు విడిగా ఉంచి, వాటిలోంచే మిగతా వరసలకి పంచుతున్నారు. ఈ సంగతి బొంబాయి వాళ్ళకి చెప్పలేదు. చెబితే రారు.

అందుకే సూర్యప్రకాష్‌కి దిష్టి భయం పట్టుకుంది. ఏళ్ళ తరబడి చదువుకున్నవాడికి దిష్టి భయం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. ప్రతి ఏడూ ఆయుధపూజకి అద్దం బయట తాళంచేతులూ, స్క్రూడ్రైవర్లూ పీట మీద పెట్టి కానిచ్చేవాడు. ఈసారి పట్టుబట్ట కట్టుకుని తనే మడిగదిలోకి వెళ్ళి, తల్లిసీసాలు రెండూ వెండిపళ్ళెంలో పెట్టుకుని బయటికి వచ్చాడు. గాయత్రి పరుగున ఎదురొచ్చింది.

"సార్, బయటి గాలండీ. మైల పడుతుంది."

"అమ్మవారి ముందు మైలేంటమ్మా. ఒక్క నిమిషం. బొట్టు పెట్టించి లోపల పెట్టేద్దాం."

మిల్లులో అందరికీ మైల పాఠాలు చెప్పినవాడు ఆ మాట అన్నాడు. పట్టుబట్ట కట్టుకుంటే తనకి మడి, తనకి మడి అయితే సీసాకీ మడే అనుకున్నాడు కాబోలు. నాయనమ్మ మాటలు అరువు తెచ్చుకున్నాడు, ఆ మాటల్లో చివరికి తనే చిక్కుకున్నాడు.

"ముత్తైదువ ఎవరైనా వచ్చి బొట్టు పెట్టండి" అన్నాడు చుట్టూ చూసి. గాయత్రికి పెళ్ళి కాలేదు. మిగిలినవాళ్ళంతా కుర్రాళ్ళు. భూలక్ష్మి ముందుకి వచ్చింది. ఆయన మొహం చిట్లించాడు గానీ, అమ్మవారి ముందు ముత్తైదువని వద్దనలేకపోయాడు.

ఆమె పసుపు గిన్నెలో వేలు ముంచింది. సీసా భుజానికి పసుపు రాసింది, దాని మీద కుంకుమ పెట్టింది. గాజులోంచి చేతికి వెచ్చగా తగిలింది. జ్వరం రాకముందు పిల్లాడి ఒళ్ళు ఇంతే వెచ్చన. గాలి ఆడడానికి ఆ సీసాల మూతలు ఎప్పుడూ వదులుగానే ఉంచుతారు, కడిగే మనిషి కాబట్టి ఆమెకి తెలుసు. హారతి వెలిగించారు. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. భూలక్ష్మి వేలు మూత అంచు దగ్గర ఆగింది. మొహం తెలియని రాజోలు పిల్ల కళ్ళ ముందుకి వచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది కూడా.

"కానీ కానీ" అన్నాడు సూర్యప్రకాష్ కళ్ళు మూసుకునే. "బొంబాయి వాళ్ళకి ఫోన్ చెయ్యాలి."

ఆమె మూత ఎత్తి, లోపలికి ఒక్క పసుపు చుక్క విదిలించింది. రెండో సీసాలో కూడా. పుట్టినప్పుడు తన చేత్తో రాయలేకపోయిన పసుపు అది. మూతలు మళ్ళీ ఎలా ఉన్నాయో అలా పెట్టేసింది.

మర్నాడు ఆ తల్లిసీసాల్లోంచి అన్ని వరసలకీ పంచారు. బొంబాయి వాళ్ళకి గదంతా నిండుగా కనబడాలని సూర్యప్రకాష్ తొందరపెట్టాడు. మూడు రోజులకి గులాబీరంగు నీళ్ళు రంగు మారిపోయాయి. ముందు ఒక వరస, సాయంత్రానికి గదంతా. నీళ్ళు మసకబారి పచ్చగా పసుపు కలిపినట్టయ్యాయి. పురుగు పడితే ఆ నీళ్ళు అలాగే రంగు మారతాయి, గాయత్రి అందరికీ నేర్పిన మొదటి పాఠం అదే.

సూర్యప్రకాష్ చెప్పులు విప్పకుండా, మూతికి గుడ్డ లేకుండా మడిగదిలోకి పరిగెత్తాడు. సీసా తరవాత సీసా ఎత్తి చూసి, నేల మీద చతికిలబడ్డాడు.

"చంపేసేరు" అన్నాడు. "నా బుల్లోణ్ణి చంపేసేరు."

అద్దానికి ఇవతల నుంచి భూలక్ష్మి అంది, "ప్రాణం లేదన్నారు కదండి."

ఆయన తల ఎత్తి చూశాడు. లేచి బయటికి వచ్చాడు. ఆమె చేతి వేళ్ళ కేసి చూశాడు. దసరా రోజుల్లో ఏ ఇల్లాలి వేళ్ళకైనా పసుపు ఉంటుంది.

"నువ్వేనా?"

"బొట్టు పెట్టమన్నారు, పెట్టేనండి."

"నిన్ను జైల్లో పెట్టిస్తాను. ఏం పోగొట్టేవో తెలుసా నీకు? నీ బతుక్కి తెలుస్తుందా? నిన్ను చేర్చుకోవడం నాది బుద్ధితక్కువ."

"పెట్టించండి. సీసాలు బయటికి ఎందుకొచ్చేయని అక్కడ అడుగుతారు, చెబుతాను."

గాయత్రి మెల్లగా అంది, "బయటికి తెచ్చింది మీరే కదండీ." ఆ ఉద్యోగంలో ఆమె అన్న ఆఖరి మాట అదే అయ్యుండేది, ఆయన వింటే. ఆయన వినలేదు. ఎవరి మీద పడినా చివరికి తన పూజ బయటపడుతుందని అప్పటికే లెక్క కట్టుకున్నాడు. గోడకి ఆనుకుని, నలుగురికీ వినబడేలా, అలవాటైన మాటే అన్నాడు.

"మైల పడింది. అన్నీ పారబోసి, మందు పొగ పెట్టి, పది రోజులు తలుపులు మూసెయ్యండి. మైల వదిలేదాకా ఒక్కళ్ళు లోపలికి రాకూడదు."

ఆ మాట విని భూలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడాది కిందట ఎవరైనా ఒక్కళ్ళు అంటారేమోనని ఎదురుచూసిన మాట. అన్నది శత్రువు, అయినా అన్నాడు.

గేటు దగ్గర గాయత్రి అడ్డంగా నిలబడింది. ఆమె ఏడ్చి ఉంది.

"రాజోలు అమ్మాయి నిజంగానే ఉంది, భూలక్ష్మీ. నేను చూసేను. ఆ పిల్లకి ఏం చెప్పమంటావు?"

చేసింది తప్పని భూలక్ష్మికి తెలుసు, మళ్ళీ ఆ పళ్ళెం ముందు నిలబెడితే మళ్ళీ చేస్తుందనీ తెలుసు. "ఆ పిల్ల ఉసురు నాకే తగలనివ్వండి" అని తప్పుకుని వెళ్ళిపోయింది.

దారిలో కాలవలో దిగి, కట్టుబట్టలతో తల ములిగేలా స్నానం చేసింది. తడిబట్టలతోనే ఇంటికి వెళ్ళి, జుట్టు విప్పుకుని, ఏడాది కిందట చేరగిలబడిన గోడకే చేరగిలబడింది. వీరాయమ్మ దేవుడి గూట్లో ఒత్తి సర్దుతూ వెనక్కి తిరిగింది.

"ఏంటా అవతారం? ఇంత పెందలాడే వచ్చేవేంటి?"

"పది రోజులు మిల్లు మూసేరండి. మైల."

"ఎవరు పోయేరు?"

"బుల్లోడు."

"ఏ బుల్లోడు?" అని వీరాయమ్మ కోడలి మొహం చూసింది. అర్థమైంది. అర్థమైనట్టు ఒప్పుకుంటే ముగ్గురు పిల్లలకి తను పట్టని మైల కూడా ఒప్పుకోవాలి. మొహం గట్టి చేసుకుంది. "పురుట్లో పోయినోడికి మైలుండదని చెప్పేను" అని అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది.

భూలక్ష్మి లేచి వచ్చి దాన్ని ఊదేసింది.

వీరాయమ్మ ఇంకో పుల్ల గీసింది. భూలక్ష్మి అదీ ఊదేసింది. అగ్గిపెట్టెలో పుల్లలు చాలానే ఉన్నాయి. భూలక్ష్మి దగ్గరా పది రోజులున్నాయి.